గాయపడినవారి సంగతి ఆసుపత్రితో ముగిసిపోతోంది

సంపాదకులు గారికి, నమస్కారములు.

మిరప కోతల కాలం వచ్చిందంటే కూలీలతో వెళ్తున్న ఆటో బోల్తా పడిందనో, ట్రాక్టరును లారీ ఢీకొన్నదనో జిల్లా పేజీలలో వార్తలు రావడం ప్రతి ఏటా చూస్తున్నాం. ఆ వార్తలు దాదాపు అన్నీ ఒకే విధంగా ముగుస్తాయి. క్షతగాత్రులను గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రికి తరలించారు, పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు. చనిపోయినవారి ఇళ్ళకు నాయకులు వెళ్ళి పరామర్శించడం, ఎక్స్‌గ్రేషియా ప్రకటించడం మరునాటి పత్రికలో ఉంటుంది. తొడ ఎముక విరిగినవారు, వెన్నుపూస దెబ్బతిన్నవారు, చెయ్యి పనికిరాకుండా పోయినవారు తరువాత ఏమయ్యారో ఎక్కడా కనిపించదు. వారి అసలు నష్టం ఆ వార్త ముగిసిన చోటే మొదలవుతుంది కనుక, దాని గురించి కొంచెం విపులంగా రాయడానికి మీ పత్రికలో చోటు కోరుతున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించాను. బండికి ప్రమాదం జరిగిందని కబురు రాగానే పర్మిట్టు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ కాగితాలు తీసుకుని స్టేషనుకు, బండిని తనిఖీ చేసే బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గరకు, ఆ తరువాత ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునలుకు వెళ్ళడం నా ఉద్యోగంలో భాగం. యజమాని పక్షాన ఇన్నేళ్ళు నిలబడి చూసినందువల్ల, ఎదుటి పక్షంలో ఉన్న పేదవారు ఏ దశలో, ఏ కాగితం లేక నష్టపోతారో నాకు బాగా తెలుసు. చట్టం బలహీనంగా ఉందని నేను అనడం లేదు. చట్టం ఇవ్వదలచిన పరిహారంలో పెద్ద భాగం ప్రమాదం జరిగిన మొదటి మూడు నెలల్లోనే జారిపోతోందని, ఆ మూడు నెలల్లో గాయపడినవారి పక్కన నిలబడి చెప్పేవారు లేకపోవడమే అందుకు ముఖ్య కారణమని నా అభిప్రాయం.

మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. దానికి 2019లో చేసిన సవరణల్లో పరిహారానికి సంబంధించినవి 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటితోపాటు వచ్చిన నియమాల ప్రకారం, ప్రమాదం సంగతి తెలిసిన 48 గంటలలోగా దర్యాప్తు అధికారి మొదటి ప్రమాద నివేదికను ట్రిబ్యునలుకు పంపాలి. 50 రోజులలోగా మధ్యంతర నివేదిక, 90 రోజులలోగా సమగ్ర నివేదిక దాఖలు చేయాలి. బండి ఎవరిది, ఇన్సూరెన్స్ ఉందా, డ్రైవరుకు లైసెన్సు ఉందా, గాయపడిన మనిషి వయసెంత, ఆదాయమెంత, ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స జరిగింది అన్న వివరాలన్నీ వాటిలో ఉండాలి. అలా వచ్చిన పోలీసు నివేదికనే పరిహారం దరఖాస్తుగా ట్రిబ్యునలు స్వీకరించవచ్చు. 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని దేశమంతటా కచ్చితంగా పాటించాలని ఆదేశాలిచ్చింది. అంతకంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. బాధితుల హక్కులేమిటో, పరిహారం ఏ క్రమంలో వస్తుందో తెలిపే పత్రాన్ని ప్రమాదం జరిగిన 10 రోజులలోగా దర్యాప్తు అధికారి స్వయంగా బాధితులకు గాని, వారి వారసులకు గాని అందజేయాలని ఆ నియమాల్లోనే ఉంది. నాకు పరిచయమున్న బాధిత కుటుంబాల్లో ఆ పత్రం అందుకున్నామని చెప్పినవారు ఒక్కరూ తారసపడలేదు. స్టేషన్లలో సిబ్బంది తక్కువన్న సంగతి, ఒకే అధికారి మీద ఎన్నో కేసులుంటాయన్న సంగతి నాకు తెలుసు. అయినా ఒక కాగితం చేతికివ్వడానికి పెద్ద యంత్రాంగమేమీ అక్కరలేదు.

ఈ పత్రం అందకపోతే ఏమవుతుందో చెబుతాను. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను కింద పరిహారానికి దరఖాస్తు చేసుకోవడానికి ప్రమాదం జరిగిన నాటి నుంచి 6 నెలల గడువు 2022 నుంచి మళ్ళీ అమలులో ఉంది. 1994 నుంచి 2022 వరకు అలాంటి గడువే లేకపోవడంతో, ఎప్పుడైనా వేసుకోవచ్చన్న నమ్మకం పల్లెల్లో ఇప్పటికీ బలంగా ఉంది. తొడ ఎముక విరిగి రాడ్డు వేయించుకున్న మనిషి లేచి కర్రపట్టుకుని నడిచేసరికే 6 నెలలు దాటిపోతాయి. ఈ గడువు చెల్లుబాటును ప్రశ్నిస్తూ వ్యాజ్యాలు సుప్రీంకోర్టులో ఉన్నాయి. అవి తేలేవరకు కాలాతీతమైందన్న కారణంతో దరఖాస్తులను కొట్టివేయవద్దని 2025 నవంబరులో ఆ న్యాయస్థానం మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అది గొప్ప ఊరటే గాని, మధ్యంతర ఉత్తర్వును నమ్ముకుని ఎవరూ ఆలస్యం చేయకూడదు. ఇప్పటికే గడువు దాటిందని నిరాశపడి ఇంట్లో కూర్చున్నవారు మాత్రం వెంటనే న్యాయవాదిని కలవడం మంచిది.

దరఖాస్తు ఎక్కడ వేయాలన్న దానిమీద కూడా అనవసరమైన భయాలున్నాయి. మిరప కోతలకు కర్నూలు జిల్లా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మన వైపు వలస వస్తాయి. వారు ఇక్కడ గాయపడితే కేసు కోసం గుంటూరుకో, నరసరావుపేటకో తిరగవలసి వస్తుందని భయపడి వదిలేసుకుంటారు. ప్రమాదం జరిగిన ప్రాంతపు ట్రిబ్యునలులోనే కాకుండా, బాధితులు నివసించే ప్రాంతపు ట్రిబ్యునలులో కూడా దరఖాస్తు వేసుకునే వీలు చట్టంలో ఉంది. అలాగే హైదరాబాదు వెళ్తూ సూర్యాపేట దగ్గర ప్రమాదానికి గురైన విజయవాడవాసి విజయవాడలోనే వేసుకోవచ్చు.

ఇక ఆసుపత్రి సంగతి. కేంద్ర ప్రభుత్వం 2025 మే 5 నుంచి అమలులోకి తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద, రోడ్డు ప్రమాదంలో గాయపడిన ఎవరికైనా, ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, మనిషికి 1,50,000 రూపాయల దాకా గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో చికిత్స అందాలి. ఢీకొన్న బండికి ఇన్సూరెన్స్ లేకపోయినా, అది ఆగకుండా పారిపోయినా ఈ పథకం వర్తిస్తుంది. మంచం దగ్గర కూర్చుని బంగారం కుదువపెట్టడం గురించి మాట్లాడుకుంటున్న బంధువులకు ఈ మాట చెప్పేవారెవరు? చికిత్స ఏ పథకం కింద జరిగినా గాయాల సర్టిఫికెట్టు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి సమ్మరీ, బయటి మందుల దుకాణం బిల్లులు, అంబులెన్సు రసీదు జాగ్రత్తగా దాచుకోవాలి. వీటిలో గాయాల సర్టిఫికెట్టు అన్నిటికంటే కీలకమైనది. మొదటి రోజు హడావిడిలో పైకి కనిపించే గాయాలను చూసి సాధారణ గాయమని రాస్తారు. మూడో రోజు మరో ఆసుపత్రిలో తీసిన స్కానింగులో తుంటి ఎముక చిట్లినట్టు తేలుతుంది. ఆ రెండో ఆసుపత్రి కాగితం పోలీసులకు చేరకపోతే ఛార్జిషీటులో సాధారణ గాయంగానే ఉండిపోతుంది. నేను చూసిన ఒక మహిళా కూలీ కాగితాల్లో జరిగింది ఇదే. ఆమె తుంటి గాయానికీ ప్రమాదానికీ సంబంధం లేదని బీమా సంస్థ తరఫున వాదన వచ్చింది. రెండో ఆసుపత్రి డాక్టరు గారు సాక్ష్యం చెప్పడానికి ఓపికగా రావడం వల్ల ఆమె నిలబడగలిగింది. అందరు డాక్టర్లూ రాలేరు, రమ్మని అడిగే ధైర్యం అందరు బాధితులకూ ఉండదు.

స్టేషను దగ్గర జరిగే రాజీ గురించి కూడా చెప్పాలి. ఆసుపత్రి ఖర్చులు మేమే పెట్టుకుంటాం, కేసు వద్దు అని బండివారి తరఫున ఎవరో ఒకరు వస్తారు. మొదటి వారం డబ్బు ఇస్తారు, రెండో వారం ఫోను ఎత్తుతారు, తరువాత ఎత్తరు. అప్పుడు ఫిర్యాదు చేస్తే, ఇంత ఆలస్యంగా ఎందుకు చేశారు, ఈ బండి నంబరు ఎక్కడి నుంచి వచ్చింది అన్న అనుమానం మొదలవుతుంది. ఆలస్యమైనంత మాత్రాన పరిహారం నిరాకరించకూడదని, గాయపడిన మనిషిని కాపాడుకోవడమే ఆ కుటుంబానికి మొదటి పని అని 2011లో రవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పినా, ఆలస్యానికి కారణం వివరించవలసిన భారం బాధితుల మీదే పడుతుంది. బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే ఆ బండివల్ల బయటివారికి కలిగే నష్టానికి బీమా, ఉన్నప్పుడు పరిహారం కట్టేది బీమా సంస్థ. యజమాని జేబులోంచి పోయేది చాలా సందర్భాల్లో ఏమీ ఉండదు. ఈ సంగతి యజమానులకు కూడా సరిగా తెలియక కేసును తప్పించాలని చూస్తారు. కాబట్టి లారీ యజమానుల సంఘాల పెద్దలు కూడా ఈ విషయాన్ని తమ సభ్యులకు వివరించాలని కోరుతున్నాను.

పరిహారం ఎలా లెక్కకడతారో తెలియకపోవడమే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తోంది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిరప బస్తాలు) మోసే 34 ఏళ్ళ హమాలీని ఉదాహరణగా తీసుకుందాం. నెలకు 15,000 రూపాయలు సంపాదిస్తున్నాడనుకుందాం. అంటే ఏడాదికి 1,80,000. సొంతంగా పనిచేసుకునేవారికి, 40 ఏళ్ళ లోపు వయసైతే, భవిష్యత్తులో పెరగబోయే ఆదాయం కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నిర్ణయించింది. ఆ కేసు మరణానికి సంబంధించినదైనా, శాశ్వత వైకల్యం వచ్చినవారికి కూడా ఆ పెంపు వర్తిస్తుందని 2020లో పప్పుదేవ్ యాదవ్ కేసులో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. దానితో ఏడాది ఆదాయం 2,52,000 అవుతుంది. 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం 31 నుంచి 35 ఏళ్ళ వయసుకు గుణకం 16. అలా గుణిస్తే వచ్చేది 40,32,000 రూపాయలు. ఇందులో ఎంత శాతం ఇవ్వాలన్నది అతను ఎంతమేరకు సంపాదన శక్తిని కోల్పోయాడన్న దాన్నిబట్టి ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. మోకాలు దెబ్బతిన్న ఆ హమాలీకి మెడికల్ బోర్డు 40 శాతం వైకల్యమని సర్టిఫికెట్టు ఇచ్చిందనుకోండి. ఆ 40నే తీసుకుంటే అతనికి వచ్చేది 16,12,800. కాని మోకాలు వంగని మనిషి టిక్కీ ఎత్తలేడు, మెట్లెక్కి లారీలో పేర్చలేడు. శరీరంలో పోయింది 40 శాతమే అయినా అతని వృత్తిలో పోయింది దాదాపు అంతా. వైకల్యం శాతాన్నే సంపాదన నష్టం శాతంగా యాంత్రికంగా తీసుకోకూడదని, ఆ మనిషి ఏం పని చేసి బతికేవాడు, ఇప్పుడు ఏం చేయగలడు, ఇంకేదైనా పని చేసుకోగలడా అన్నవి చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. ఎడమచెయ్యి పోతే గుమాస్తా తన ఉద్యోగంలో కొనసాగవచ్చు గాని, డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు పూర్తిగా పోయినట్టేనని అందులోనే ఉదాహరణ ఇచ్చింది. సంపాదన నష్టం 90 శాతమని ట్రిబ్యునలు అంగీకరిస్తే మన హమాలీకి 36,28,800 రావాలి. రెండిటి మధ్య తేడా 20 లక్షల పైచిలుకు. ఆ తేడా రావాలంటే అతను హమాలీ అని, ఏ ముఠాలో పనిచేసేవాడో, రోజుకు ఎంత వచ్చేదో చెప్పే సాక్ష్యం ఉండాలి. ముఠా మేస్త్రీ వచ్చి చెప్పాలి, కూలి పంచుకున్న పుస్తకం చూపించాలి. అదేమీ లేకుండా కూలిపని అని ఒక్కమాట రాసి వదిలేస్తే, నెలకు 8,000 వేసి, భవిష్యత్తు పెంపు మరచిపోయి, 40 శాతంతోనే లెక్క ముగిస్తే చేతికి వచ్చేది 6,14,400. ఒకే మనిషి, ఒకే మోకాలు. కూలీ అన్నవాడు ఆదాయానికి కాగితం తేలేడని, అది లేదన్న కారణంతో అతని మాటను తోసిపుచ్చరాదని 2011లోనే బెంగళూరు కూలీ రామచంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పులను ట్రిబ్యునలు ముందు పెట్టేవారు ఉండాలి కదా.

సంపాదన నష్టం ఒక్కటే పరిహారం కాదని కూడా చాలామందికి తెలియదు. పడిన బాధకు, జీవితంలో కోల్పోయిన సుఖాలకు, ముందు ముందు చేయించుకోవలసిన ఆపరేషన్లకు, పోషకాహారానికి, ప్రయాణాలకు వేర్వేరుగా అడగవచ్చు. ఉచితంగా చికిత్స జరిగింది కాబట్టి ఖర్చేమీ కాలేదన్న వాదన వీటికి వర్తించదు. మగనికి సేవ చేయడానికి కూలి మానుకున్న భార్య శ్రమకు కూడా విలువ ఉంది. జీవితాంతం ఒకరు పక్కన ఉండక తప్పని స్థితిలో ఆ సహాయకుల ఖర్చును కూడా గుణకం పద్ధతిలోనే లెక్కించాలని 2020లో కాజల్ కేసులో తీర్పు వచ్చింది. గాయపడింది ఆడమనిషి అయితే ఆమె పొలంలో సంపాదించే కూలి మాత్రమే లెక్కలోకి వస్తోంది. ఇంటిపనికి ఆర్థిక విలువ ఉందని, దానికి ఆదాయం కట్టాలని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను మిరప కోతకు వెళ్ళే ప్రతి స్త్రీ విషయంలోనూ ట్రిబ్యునలు దృష్టికి తేవాలి. తెల్లవారకముందే వంటచేసి, క్యారేజీ కట్టుకుని ఆటో ఎక్కేది వారే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 164వ సెక్షను కింద తప్పెవరిదని చూడకుండా, మరణిస్తే 5,00,000, తీవ్రంగా గాయపడితే 2,50,000 రూపాయలు పొందే వీలుంది. చిన్న ఎముక విరిగి మూడు నెలల్లో కోలుకున్నవారికి, తప్పు తమదేమోనన్న సందేహం ఉన్నవారికి ఇది మంచి మార్గమే. కాని ఆ మొత్తాన్ని ఒప్పుకుని తీసుకుంటే ట్రిబ్యునలులో వేసుకున్న 166వ సెక్షను దరఖాస్తు రద్దయిపోతుందని చట్టంలో స్పష్టంగా ఉంది. పైన చెప్పిన హమాలీ అప్పుల ఒత్తిడిలో రెండున్నర లక్షలకు సంతకం పెడితే 36 లక్షల హక్కు వదులుకున్నట్టే. ఇంత పెద్ద నిర్ణయం చదువురాని మనిషి ఆసుపత్రి మంచం మీద ఒంటరిగా తీసుకోకూడదు.

గుద్దిన బండి ఏదో తెలియనప్పుడు 2022 పథకం కింద మరణానికి 2,00,000, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇస్తారు. ఒక నెలలోపు బండి వివరాలు దొరకకపోతే ఈ పథకం గురించి బాధితులకు రాతపూర్వకంగా తెలియజేయాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు పోలీసులను ఆదేశించింది. మొత్తం తక్కువే అయినా అడగకపోతే అదీ రాదు.

ఇప్పుడు నన్ను ఈ లేఖ రాయడానికి పురికొల్పిన విషయానికి వస్తాను. మన ప్రాంతంలో కోత కూలీలు ప్రయాణించేవి ట్రాక్టరు ట్రక్కులు, సరుకు రవాణా ఆటోలు, మినీ లారీలు. సరుకు రవాణా వాహనంలో ఊరికే ఎక్కి ప్రయాణించేవారికి ఆ బండి బీమా వర్తించదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది. 1994 సవరణ వల్ల సరుకు యజమానికి, అతని ప్రతినిధికి రక్షణ ఉంది. కాబట్టి తన టిక్కీలతో పాటు అదే బండిలో యార్డుకు వస్తున్న రైతుకు ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారం కట్టవలసి ఉంటుంది. అదే రైతు పొలంలో కాయలు కోయడానికి అదే బండిలో వెళ్తున్న కూలీకి ఆ రక్షణ లేదు. వ్యవసాయ పనులకని బీమా చేయించిన ట్రాక్టరు ట్రక్కులో మనుషులను ఎక్కించినా ఇదే పరిస్థితి. తీర్పు కూలీకి అనుకూలంగా వచ్చినా, డబ్బు బండి యజమాని నుంచి వసూలు చేసుకోవలసిందే. ఆ యజమాని అప్పు మీద బండి కొన్న చిన్నవాడైతే తీర్పు కాగితంగా మిగులుతుంది. కొన్ని కేసుల్లో బీమా సంస్థ ముందుగా చెల్లించి యజమాని నుంచి రాబట్టుకోవాలని కోర్టులు ఆదేశించిన మాట నిజమే గాని, అది ప్రతి కేసులోనూ హక్కుగా దక్కేది కాదు.

ప్రయాణికుల ఆటో అయినా చిక్కు పూర్తిగా తీరదు. బీమా ఎంతమందికి ఉందో అంతమందికే సంస్థ బాధ్యత వహిస్తుందని 2007లో అంజనా శ్యామ్ కేసులో తీర్పు వచ్చింది. ముగ్గురికి అనుమతి ఉన్న ఆటోలో పన్నెండు మంది కూర్చుంటే, ఆ ముగ్గురి లెక్కన వచ్చిన డబ్బునే పన్నెండు మందీ దామాషాగా పంచుకోవలసి వస్తుంది.

ఈ చీకటిలో ఒక దారి ఉంది, అది చాలామంది కూలీలకు తెలియడం లేదు. ఎదురుగా వచ్చిన లారీ తప్పు కూడా ఉన్నప్పుడు, ఆటోలో ఉన్న కూలీలందరూ ఆ లారీకి సంబంధించినంతవరకు బయటివ్యక్తులే. వారు ఎంతమంది ఉన్నా, ఎలాంటి బండిలో ఉన్నా, లారీ థర్డ్ పార్టీ బీమా వారికి వర్తిస్తుంది. రెండు బండ్ల తప్పూ ఉన్నప్పుడు, ఏ తప్పూ లేని ప్రయాణికుడు తన పరిహారం మొత్తాన్ని రెండిటిలో ఏ ఒక్కరి నుంచైనా అడగవచ్చని, వారిద్దరూ తరువాత తేల్చుకోవాలని 2015లో ఖెన్యేయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని ఎఫ్.ఐ.ఆర్.లో లారీ పాత్ర సరిగా నమోదు కావడం, ప్రమాద స్థలం పటం నిజాయితీగా గీయడం, బ్రేకు ఇన్‌స్పెక్టరు నివేదికలో రెండు బండ్లకూ తగిలిన దెబ్బలు వివరంగా ఉండడం ఆ కూలీల జీవితాలను నిర్ణయిస్తాయి. చనిపోయిన ఆటో డ్రైవరు మీద తప్పంతా తోసి కేసు మూసివేయడం దర్యాప్తుకు సులువైన పని కావచ్చు. దాని ఫలితం మాత్రం ఆటోలో ఉన్న ప్రతి కుటుంబం మీదా పడుతుంది. ఆ ఒక్క వాక్యంతో వారికి లారీ బీమా దారి కష్టమైపోతుంది.

నా విన్నపాలు కొన్నే. గుంటూరు, పల్నాడు, ఎన్టీఆర్ జిల్లాల పోలీసు అధికారులు, నియమాల్లో ఇప్పటికే ఉన్న ఆ బాధితుల హక్కుల పత్రాన్ని చదివితే అర్థమయ్యే తెలుగులో అచ్చువేయించి, ప్రభుత్వ ఆసుపత్రుల్లోని పోలీసు ఔట్‌పోస్టుల్లో ఉంచి, గాయాల కేసు నమోదైన ప్రతిసారీ సంతకం తీసుకుని ఇవ్వాలి. మొదటి ప్రమాద నివేదిక నకలు దానితోపాటే ఇస్తే మరీ మంచిది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలు కోతల కాలంలోనైనా ఎముకల వార్డులకు న్యాయసహాయం గురించి చెప్పే పారా లీగల్ వాలంటీర్లను పంపాలి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది. మన మిరప చేలల్లో పనిచేసేవారిలో అత్యధికులు ఆ హక్కు ఉన్నవారే. అయినా వార్డుల్లో వారిని ముందుగా పలకరించేది వచ్చిన పరిహారంలో వాటా మాట్లాడుకునే మధ్యవర్తులు. పరిహారంలో వాటాగా ఫీజు కుదుర్చుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధమని తెలిస్తే ఆ కుటుంబాలు కొంతైనా ధైర్యంగా మాట్లాడగలవు. నిజాయితీగా, తక్కువ ఫీజుతో ఈ కేసులు నడుపుతున్న న్యాయవాదులు గుంటూరులోనూ విజయవాడలోనూ ఎందరో ఉన్నారు. వారిని చేరే దారి బాధితులకు తెలియాలన్నదే నా బాధ. 2025 మార్చిలో పర్మీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పరిహారాన్ని నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాలో జమచేయాలని చెప్పింది. కాబట్టి దరఖాస్తుతో పాటే ఖాతా వివరాలు ఇవ్వడం అలవాటు చేయాలి.

కూలీలను తీసుకెళ్ళే రైతులకు, ముఠా మేస్త్రీలకు నేను చేతులు జోడించి చెప్పేది ఒక్కటే. సరుకు బండిని పిలవకుండా ప్రయాణికుల పర్మిట్టు ఉన్న బండిని మాట్లాడండి, ఎక్కించే ముందు ఇన్సూరెన్స్ తేదీ చూడండి. కిరాయి కొంత ఎక్కువవుతుందని నాకు తెలుసు, ధర పడిపోయిన ఏడు రైతు పరిస్థితి ఏమిటో కూడా తెలుసు. అందుకనే కోతల కాలంలో గ్రామాలకు ఉదయం, సాయంత్రం ఆర్టీసీ బస్సులను అదనంగా నడపడం గురించి, కూలీల ప్రయాణానికి బృంద ప్రమాద బీమా చేయించడం గురించి ప్రభుత్వం, మార్కెట్ కమిటీ కలిసి ఆలోచించాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. రోడ్డు ప్రమాద వార్త ప్రచురించినప్పుడు దాని కింద నాలుగు పంక్తుల పెట్టె ఒకటి వేయండి. నగదు రహిత చికిత్స, 10 రోజుల్లో అందవలసిన హక్కుల పత్రం, 6 నెలల గడువు, ఉచిత న్యాయసహాయం కోసం జిల్లా కోర్టు ఆవరణలో ఎవరిని కలవాలో అందులో ఉంటే చాలు. మంచం పక్కన కూర్చున్న కొడుకో కూతురో ఆ పత్రిక చూస్తారు. ఆ పెట్టెలో వేయదగిన పాఠాన్ని ఒక పేజీగా రాసి ఈ లేఖకు జతచేస్తున్నాను. న్యాయసేవాధికార సంస్థవారికి చూపించి, అవసరమైన దిద్దుబాట్లు చేసి, ఈ కోతలు ముగిసేలోగా వాడుకోగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
విశ్రాంత ట్రాన్స్‌పోర్టు గుమాస్తా,
బ్రాడీపేట, గుంటూరు.